ఇంగువ లేని పులిహోర

2021 ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున, ఊర్మిళగారి పులిహోర డబ్బా ఆసుపత్రి పరిశోధనశాల ఫ్రీజర్లోకీ, పదిహేడో నంబరు రోగి మూత్రం డబ్బా ఊర్మిళగారి లంచ్ సంచిలోకీ వెళ్లాయి. రెండూ పొట్టి ప్లాస్టిక్ డబ్బాలే. రెండింటికీ అల్యూమినియం రేకు చుట్టి ఉంది. నంబరు చీటీ అంటించింది కూడా ఆవిడే. మధ్యాహ్నం ల్యాబ్ నుంచి జర్మనావిడ ఫ్రావ్ క్రౌజె ఫోన్ చేసి, పదిహేడో నంబరు నమూనా పసుపుపచ్చగా, గట్టిగా ఉందనీ, అందులో వేరుశనగపప్పులు కనిపిస్తున్నాయనీ, దీన్ని జబ్బు లక్షణం కింద రాసుకోవాలా అనీ మర్యాదగా అడిగింది. అప్పటికి ఊర్మిళగారు చెంచా పట్టుకుని రెండో డబ్బా మీది రేకు విప్పబోతున్నారు.

విప్పలేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తే చదివేవాళ్లు నిమ్మళంగా ఉంటారు. కానీ ఆ డబ్బా పొద్దుటి నుంచీ హీటర్ పక్కన ఉడికింది కనక పరీక్షకి పనికిరాకుండా పోయింది.

రేకు ఎందుకు చుట్టాలో కూడా చెప్పాలి. పార్ఫీరియా అని అరుదైన రక్తపు జబ్బు ఒకటుంది. రక్తానికి ఎర్రదనం తయారయ్యే దారిలో ఒక మెట్టు సరిగ్గా పనిచేయదు. మామూలు రోజుల్లో మనిషి బాగానే తిరుగుతాడు. విరుచుకుపడినప్పుడు మాత్రం కడుపులో మెలిపెట్టే నొప్పి, నిద్ర ఉండదు, లేని మాటలు వినిపిస్తాయి. అందుకే చాలామందికి ముందు మనసు జబ్బని మందులిస్తారు. ఆ మందుల్లో కొన్ని అసలు జబ్బును ఇంకా రెచ్చగొడతాయి. వాటిలో ఏది ఫరవాలేదు, ఏది ప్రమాదం అని తేల్చడమే ఊర్మిళగారు పనిచేసే చోట జరుగుతున్న పరిశోధన. నమూనాకి వెలుతురు తగిలితే ఫలితం తప్పుతుంది. అందుకని రేకు.

ఊర్మిళగారిది కాకినాడ. భర్త గంగాధరరావుగారి ఇంజనీరు ఉద్యోగం వెంట జర్మనీలో సాక్సనీకి వచ్చి, ఇక్కడే నర్సు చదువు చదివి, పరిశోధనల్లో రోగుల బాగోగులు చూసే స్టడీ నర్సు అయ్యారు. కుర్చీలో కుదురుగా కూర్చునే మనిషి కాదు. లాక్‌డౌన్ వచ్చాక ఆ కుదురులేనితనం ఇల్లంతా పాకింది. తుడిచిన కిటికీనే మళ్లీ తుడిచేవారు. ఆపేసిన పొయ్యి ఆపారో లేదో చూడటానికి మెట్లు ఎక్కివచ్చేవారు. టీ పెట్టుకుని, తాగడం మరిచిపోయి, ఇంకో టీ పెట్టేవారు. పైగా ఆ శీతాకాలం నుంచీ వంటలో ఇంగువ మానేశారు.

"ఇంగువ లేకపోతే అది పులిహోర ఎలా అవుతుందే?" అనేవారు గంగాధరరావుగారు.

"ఆఫీసులో జర్మన్లకి ఆ వాసన పడదండీ."

"నేను జర్మన్‌ని కానుగా."

ఆవిడ అప్పటికే వేరే గదిలో ఉండేవారు.

సరే, పదిహేడో నంబరు. ఆ అమ్మాయి పేరు హారిక. వరంగల్ పిల్ల, ఫ్రైబర్గ్‌లో లోహాల చదువు. వచ్చిన ఏడాదే రెండుసార్లు కడుపునొప్పితో ఆసుపత్రి పాలైతే జబ్బు బయటపడింది. అప్పటి నుంచి జాగ్రత్తలన్నీ పాటిస్తోంది, అయినా దాడులు ఆగడం లేదు. ప్రతి నెలా ఊర్మిళగారు ఫోన్ చేసి ప్రశ్నలన్నీ అడుగుతారు. "మనసుకి సంబంధించిన మందులేమైనా వాడుతున్నావా అమ్మా?" అన్న ప్రశ్నకి ప్రతి నెలా ఒకటే జవాబు.

"లేవాంటీ."

పులిహోర సంగతి విని, పరిశోధన నడిపే ప్రొఫెసర్ ఫోగ్ట్ నవ్వలేదు. ఆయన నవ్వకపోవడమే ఊర్మిళగారికి ఎక్కువ ఇబ్బంది అనిపించింది.

"ఆ అమ్మాయికి నొప్పి ఇంకా తగ్గలేదు. ఇప్పుడు తీసిన నమూనాయే కావాలి. రేపు మీరే వెళ్లి తెండి," అన్నారాయన. "ఇంకో మాట. ఈసారి చేతులు కూడా తిమ్మిరెక్కుతున్నాయట. ఇది ఇలాగే ముదిరితే ఊపిరి పీల్చే కండరాల దాకా పోతుంది. ఏదో మందు ఆమె ఒంట్లోకి పోతోందని నా అనుమానం. మీ ఇద్దరిదీ ఒకే భాష. మీకైతే చెబుతుంది."

ఊర్మిళగారు తల ఊపారు. జర్మన్లకి కొన్ని విషయాలు విడమరచి చెప్పడం కష్టం. ఆ పిల్ల ఫ్రావ్ క్రౌజెకి చెప్పినా చెబుతుంది, రైల్లో పక్క సీటు ముసలాయనకి చెప్పినా చెబుతుంది. తెలుగావిడకి మాత్రం ఎందుకు చెబుతుంది?

మర్నాడు ఫ్రైబర్గ్ రైల్లో ఆవిడ మూడు సీట్లు మారారు. మాస్కు వెనక ఏదేదో గొణుక్కుంటూ, దిగాల్సిన స్టేషను ఇంకా రాకముందే తలుపు దగ్గర నిలబడ్డారు.

హారిక ఉండేది నలుగురు విద్యార్థులు కలిసుండే ఫ్లాట్. మనిషి గోడ పట్టుకుని తలుపు తీసింది. వంటింట్లో కూర్చోమంది, అక్కడే కిటికీ తెరిచి ఉంది కనక. డబ్బా సిద్ధంగా పెట్టింది. ఊర్మిళగారు రేకు చుట్టి, చీటీ అంటించి, చీటీ మీది నంబరు పైకి చదివి, మళ్లీ ఒకసారి చదివారు.

"నిన్న పంపినదానికి ఏమైందాంటీ?"

"చిన్న పొరపాటు. పులిహోరతో తారుమారైంది."

"తినలేదు కదా?"

"లేదమ్మా."

"థాంక్ గాడ్. తింటే నా పేరు చరిత్రలో ఉంటుండె."

పొట్ట పట్టుకునే నవ్వింది. నవ్వితే నొప్పి. ఊర్మిళగారు లేచి నీళ్లు తెచ్చారు, కుళాయి దగ్గర గుడ్డ పిండారు, అవసరం లేని గిన్నె ఒకటి కడిగారు.

"ఏం తింటున్నావు? వండుకుంటున్నావా?"

"వంటనా? నాకు అన్నం పెట్టుడు కూడ సక్కగ రాదాంటీ. బ్రెడ్డు, నూడుల్స్. ఫ్లాట్ల వాళ్లు గా పొయ్యి దగ్గరికే రానియ్యరు నన్ను."

ఊర్మిళగారు గిన్నె బోర్లించబోయి ఆగారు. నలుగురికీ నాలుగు అరలున్నాయి. హారిక పేరున్న అరలో బ్రెడ్డు, నూడుల్స్ పొట్లాలు, జామ్ సీసా. ఉప్పు లేదు. పసుపు లేదు. మూలన తెల్లటి ఇంగువ డబ్బా ఒకటి.

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. తెరవలేదు. వచ్చి కూర్చున్నారు. ఆ రోజు పొద్దుటి నుంచీ ఆవిడ కదలకుండా కూర్చోవడం అదే మొదలు.

"హారికా, మా వంటింట్లో కూడా అలాంటి ఇంగువ డబ్బా ఉంది. అందులో ఇంగువ లేదు."

హారిక తన అర వైపు చూసింది.

"అక్టోబరు నుంచి వేసుకుంటున్నాను. ఆదుర్దాకి. డాక్టరమ్మ రాసిచ్చింది. సీసా బయట పెడితే వీడియో కాల్లో మా ఆడపడుచుకి కనిపిస్తుందని భయం. ఇంగువ డబ్బా ఎవరూ తెరవరు కదా. రోజూ మాత్ర వేసుకుంటే పోపు తిన్నట్టుంటుంది."

"నావి కూడ గంతే వాసనొస్తయి," అంది హారిక చాలా నెమ్మదిగా. తరవాత మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఇంటర్లో ఉన్నప్పుడు నిద్ర లేక, చెవిలో మాటలు వినబడితే హైదరాబాదులో డాక్టరుకు చూపించారు. మనసు కుదురుగా ఉండటానికి అప్పటి నుంచీ ఒక మాత్ర. "అమ్మనే డబ్బాల పెట్టి పార్సిల్ పంపుతది. ఎవ్వరికి చెప్పకు, అక్కడ మనోళ్లకు అసలే చెప్పకు, రేపు పెండ్లికి అడ్డమైతదన్నది. మీరేమో నిరుడు తెలుగు సంఘం ఉగాది జూమ్‌ల యాంకరింగు చేస్తిరి. మీకు చెప్తే సంఘం మొత్తానికి చెప్పినట్టే కదాంటీ."

"ఉగాదికి పంచాంగం చదివానమ్మా. రోగుల సంగతులు చదవలేదు."

"మీరు మంచిగనే చదివిన్రు. నా రాశికి ఆరోగ్యం బాగుంటదన్నరు."

ఊర్మిళగారు ఆ ఇంగువ డబ్బా తీసుకురమ్మన్నారు. మాత్ర పేరు చదివి, అక్కడి నుంచే ప్రొఫెసర్‌కి ఫోన్ చేశారు. అవతల ఆయన ఊపిరి గట్టిగా వదలడం హారికకి కూడా వినిపించింది. ఈ జబ్బున్నవాళ్లకి ఇవ్వకూడని మందుల్లో మొదటి వరసలోది అది.

"పారెయ్యాల్నా?" అని లేవబోయింది హారిక.

"వద్దు. అది ఉన్నపళంగా ఆపేది కాదు. మా డాక్టర్ల కళ్ల ముందు మార్పించాలి. బట్టలు సర్దుకో, నాతో వస్తున్నావు."

"అమ్మకి?"

"నొప్పి తగ్గాక నువ్వే చెప్పుకో. అప్పటిదాకా మందు మార్చారని మీ అమ్మగారికి నేను చెప్పను, మా ఆడపడుచుకి అసలే చెప్పను."

రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఊర్మిళగారి ఒళ్లో రేకు చుట్టిన డబ్బా. దాన్ని దిగేదాకా చేత్తో పట్టుకునే ఉన్నారు, సంచిలో పెట్టలేదు.

హారిక ఆసుపత్రిలో చాలా రోజులుంది. పాత మందు మెల్లగా తగ్గించి, ఆ జబ్బుకి పడేది ఇంకోటి మొదలుపెట్టారు. చేతుల తిమ్మిరి పోయింది. వసంతంలో ఒకసారి నొప్పి వచ్చింది, చిన్నది. ఎండాకాలానికి అదీ లేదు. తల్లికి చెప్పింది. తల్లి రెండు రోజులు మాట్లాడలేదట, మూడో రోజు ఏం తిన్నావని అడిగిందట. ఇవి రాసుకోమని ఊర్మిళగారూ హారికా చెప్పాకే రాస్తున్నాను. రాసేముందు హారిక పెట్టిన షరతు ఒక్కటే, పులిహోర సంగతి వదలకూడదని.

పరిశోధనలో కూడా ఒక మార్పు జరిగింది. ఊర్మిళగారి మాట మీద, తెలుగు రోగుల్ని మందుల ప్రశ్న ఫ్రావ్ క్రౌజె అడగడం మొదలుపెట్టింది. ఒకే భాషవాళ్ల మధ్య గోడ ఎందుకుంటుందో ప్రొఫెసర్‌కి అర్థం కాలేదు గానీ, జవాబులు మాత్రం రావడం మొదలయ్యాయి.

జూలైలో ఆంక్షలు సడలాక ఊర్మిళగారింటికి మొదటిసారి భోజనానికి జనం వచ్చారు. భాస్కరమూర్తిగారు, కనకలతగారు, సంఘంలో వార్తలు ముందుగా చేరేది వాళ్లింటికే. హారిక కూడా వస్తానంది. ఊర్మిళగారు వంటింటికీ బాల్కనీకీ మధ్య తిరుగుతూనే ఉన్నారు, ఆ అలవాటు మాత్రలకి పూర్తిగా లొంగలేదు. ఇల్లంతా పులిహోర పోపు వాసన. గంగాధరరావుగారు ఆ వాసనకి సంతోషపడుతూ టేబుల్ దగ్గరికి వచ్చి ఆగిపోయారు. పళ్లేల పక్కన, ఆయన బీపీ మాత్రల పక్కనే, ఊర్మిళగారి మాత్రల సీసా పేరు కనిపించేలా నిలబడి ఉంది. కింద బెల్లు మోగింది.

"మెట్లెక్కుతున్నారే, కనకలత కళ్లు ఊరుకోవు. ఆ మాత్రలు ఎక్కడ దాచేదానివో అక్కడే పెట్టెయ్యరాదూ?"

"అక్కడిప్పుడు ఇంగువ ఉందండీ."