నేను నుదురు తుడుచుకుంటే అందరూ తుడుచుకున్నారు

బార్కస్‌లో సల్మా ఆపా వాళ్ల ముందుగదిలో మేం కొందరం ఆడవాళ్లం ఆవిడ దగ్గర బెల్లీ డాన్స్ నేర్చుకుంటున్నాం. మా పద్ధతిలో ముందే అనుకున్న స్టెప్పులుండవు. ముందు నిలబడ్డావిడ ఏం చేస్తే వెనకవాళ్లు అదే చేయాలి. కొత్తదాన్ని కాబట్టి నాది ఎప్పుడూ వెనక వరసే.

ఈ రోజు పాట మధ్యలో అందరూ గిర్రున వెనక్కి తిరిగేసరికి, ఆఖరున ఉన్న నేను అందరికంటే ముందున్నాను! చూసి చేయడానికి ఎదురుగా ఎవరూ లేరు, బీరువా అద్దం తప్ప. కంగారులో చున్నీతో నుదురు తుడుచుకున్నాను. అద్దంలో చూద్దును కదా, వెనక అందరూ చున్నీలెత్తి నుదుళ్లు తుడుచుకుంటున్నారు.

"తప్పయింది ఆపా" అన్నాను నాలుక కరుచుకుని.

"తప్పేంది? ముంగట నువ్వున్నవ్. నువ్వేం జేస్తే గదే స్టెప్పు. ఆగకు, ఇంకోటి జెయ్యి!" అంది ఆపా, తనూ తుడుచుకుంటూనే.

ఇంకేం, చున్నీ గాల్లో తిప్పుతూ నడుము ఊపాను. గదంతా నాతోపాటు ఊగింది. పాట అయ్యేదాకా ముందు చోటు ఎవరికీ ఇవ్వలేదు.

ఛత్రినాకలో మా ఇంట్లో "టీవీ కట్టెయ్యండి" అని గొంతు చించుకున్నా వినే దిక్కుండదు. అక్కడ మాత్రం నేను చెమట తుడుచుకుంటే అదే నాట్యమైంది. గర్వపడొద్దా, మీరే చెప్పండి!