కాలు తగిలితే కళ్లకద్దుకోవడం

మొన్న కళ్లజోడు బాగుచేయించుకోడానికి గవర్నర్‌పేట వెళ్తే, ఒకప్పుడు మేం ఐకిడో నేర్చుకున్న మేడ కాస్తా సెల్‌ఫోన్ల షోరూమ్ అయిపోయి కనిపించింది. పైఅంతస్తులో దళసరి చాపలు పరిచిన ఆ హాలు గుర్తుకు రాగానే, ఈ వయసులో కూడా నా అరచేతులకి చెమట పట్టిందంటే నమ్ముతారా?

ఐకిడో అంటే గుద్దడం, తన్నడం కాదండీ. మీదికొచ్చినవాడి ఊపునే వాడుకుని వాణ్ణి పడేసే జపాను విద్య. నలభై దాటిన ఇల్లాలికి అదేం పిచ్చి అంటారేమో. ఆఫీసు నుంచి బస్టాపుకి నడుస్తుంటే ఎవడో వెనక నుంచి వచ్చి నా పుస్తెలతాడు తెంపుకుపోయాడు. బంగారం పోతే పోయింది, ధైర్యం కూడా పోయింది. వెనక అడుగుల చప్పుడైతే చాలు, కాళ్లు కొయ్యబారిపోయేవి. సెలవు మీద సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. ఉద్యోగం మానెయ్యమని అత్తగారు, మానితే ఊరుకోనని మా చెల్లెలు. చివరికి ఆ చెల్లెలే నన్ను అక్కడికి లాక్కెళ్లింది.

మాస్టారు బందరు నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లిం పెద్దాయన, మా నాన్నగారి ఈడు, మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు. ఎదురుగా వచ్చి పట్టుకుంటే బాగానే తప్పించుకునేదాన్ని గానీ, వెనక నుంచి పట్టుకుంటే నాకు ఊపిరాడేది కాదు. సెలవు అయిపోవచ్చింది. ఈసారీ కదల్లేకపోతే రాజీనామా ఇచ్చేద్దామని, చెల్లెలికి కూడా చెప్పకుండా, నాలో నేనే తీర్మానించుకున్నాను.

ఆ సాయంత్రం ఆయనే నా వెనక నిలబడ్డారు. ఎప్పుడు పట్టుకుంటారో తెలీదు. పారిపోదామా అనుకునేంతలో నా రెండు మణికట్లూ ఆయన గుప్పిట్లో చిక్కాయి. ఎలా తిరిగానో నాకే తెలియదు, ఆయన చేతికింద నుంచి జారి నేర్పినట్టే ముందుకి లాగితే, అంతటి మనిషీ చాప మీద బోర్లా పడ్డారు. ఇక ఆయన చెయ్యి అదిమిపెట్టి ఉంచడమే మిగిలింది. అప్పుడే నా కాలు ఆయన భుజానికి తగిలింది. అయ్యయ్యో, పెద్దాయనకి కాలు తగిలిందే అని, పట్టు వదిలేసి, వంగి, ఆయన భుజం తాకి కళ్లకద్దుకున్నాను! ఆ వంగడంలోనే ఆయన నన్ను చాప మీదికి దొర్లించేశారు.

“దొంగోడికి కాలు తగిలినా ఇట్టాగే దణ్ణం పెడతావా అమ్మా?” అన్నారు.

హాలంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం నవ్వకుండా మళ్లీ వచ్చి నా వెనక నిలబడ్డారు.

ఈసారి భయం కన్నా ఉక్రోషం ఎక్కువైంది. ఆయన పడ్డారు, నా కాలు మళ్లీ తగిలింది, చెయ్యి అలవాటుకొద్దీ కళ్లదాకా పోబోయింది. పోనివ్వలేదు. ఆయన చాపని తట్టి చాలనేదాకా పట్టు విడవలేదు, ఆ తర్వాతే తనివితీరా దణ్ణం పెట్టుకున్నాను. సోమవారం ఆఫీసుకి వెళ్లాను. వెనక అడుగులు వినిపిస్తూనే ఉన్నాయి, భయమూ వేసింది, అయినా నడిచాను.

మాస్టారు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేను మెట్లు దిగుతుంటే కోడలొక రెక్క, మనవడొక రెక్క పట్టుకుంటారు. వాళ్ల ప్రేమకి సంతోషమే, కాదనను. కానీ పడినా ఫరవాలేదు, ఈవిడ లేస్తుంది అని నన్ను నమ్మే మనిషే ఇప్పుడు లేరు.