లైవ్‌ల తప్పు సదివిన సుజాతక్క

నిన్న పొద్దుగాల ఆఫీస్ గ్రూప్‌ల మెసేజ్ సూసిన. "సుజాతక్క ఇగ లేదు. హార్ట్ ఎటాక్."

ఎవరో తప్పు టైప్ చేసిండ్రనుకున్న. ఫోన్ కొడితె వాళ్ల అన్న ఎత్తిండు. ఏడుపే వినవడ్డది.



తెల్వనోళ్లకు చెప్త. సూర్యాపేటల మా లోకల్ కేబుల్ ఛానల్‌ల వార్తలు సదివేది అక్క. నేను కోదాడ నుంచి వచ్చి ఆమె పక్కన కూసొనే పని నేర్చుకున్న.

ఒకసారి లైవ్‌ల "ఎమ్మెల్యే గారు మేకలు నాటారు" అన్నది. మొక్కలు అనాల్సింది!

ఆ క్లిప్ వాట్సాప్‌ల మిర్యాలగూడ దాకా పోయింది. అంగట్ల కూరగాయలమ్మేటామె "అక్కా, మేకలు మొలిచినయా?" అని అడిగితె, అక్క కడుపు పట్టుకొని నవ్వింది.

"మనం తడబడితెనే జనం మనల్ని ఇంటి మనిషి లెక్క సూస్తరు తమ్మీ" అనేది.

కానీ ఒక తప్పుకు ఎవ్వరం నవ్వలే.

ముసురు పట్టిన రోజు. పెన్‌పహాడ్ దిక్కు ఒక ఊరి చెరువు నిండింది. స్క్రిప్ట్‌ల "కట్ట తెగలేదు" అని ఉంది.

అక్క "కట్ట తెగింది" అని సదివింది.

ఇగ ఫోన్లు ఆగలే. ఊరంత పిల్లల్నెత్తుకొని వానల ఉరుకుతున్నరట.

లైవ్‌లనే "తప్పు సదివిన, కట్ట మంచిగనే ఉంది" అని మళ్ల మళ్ల చెప్పింది. బయటికొచ్చి, "బండి తియ్ తమ్మీ" అన్నది.

ఊరి మొగదలనే జనం అడ్డం పడ్డరు. ఒకాయన చేతిల కట్టె. "అక్కా, ఎన్కకు పోదాం" అన్న.

ఆమె బండి దిగింది. "సదివింది నేనే. ఏమన్న అనుండ్రి."

అప్పుడే ఒక తల్లి మొత్తుకుంట వచ్చింది. ఆ గడబిడల బిడ్డ తప్పిపోయిందట.

కట్టె పట్టినాయన గూడ అది పడేసి ఉరికిండు. అందరం చేన్లల్ల పడి దేవులాడినం. నీళ్లు నిండిన ప్రతి గుంతల తొంగి సూస్తుంటె నా పానం పోయింది.

చివరికి చర్చి ఎన్క, గోడకు అతుక్కొని కూసున్నది పిల్ల.

తల్లి అక్కను తిట్టలే. "నువ్వు చెప్పినవ్ గదా అని ఉరికినం" అన్నది. అంతే.

అక్క ఆ బురదలనే కూలబడ్డది.

ఆ తర్వాత ప్రతి బులెటిన్ ముంగట అక్క వేళ్లు చల్లగయ్యేటివి. మానెయ్యమంటె వినకపోయేది. "భయమున్నంత కాలం సదువుత" అనేది.

ఇయ్యాల బులెటిన్‌ల నీ వార్త నన్ను సదవమన్నరు అక్కా. స్క్రిప్ట్ చేతిల ఉంది. నీ పేరు కాడికి రాంగనే ఆగి, మళ్ల మొదటి నుంచి సదువుకుంటున్న.

పోయిరా అక్కా. ఇగ ఏ భయం లేకుంట, నిమ్మలంగ పండుకో.