పాయింటు పక్కన ఆరు

ఆ వర్క్‌షాపులో పనిముట్ల గది కిటికీ వెనక కూర్చునే ఆవిడని అందరూ లెక్కలక్క అనేవారు. డ్రాయింగులేమో దశాంశాల్లో వస్తాయి, డ్రిల్లు బిట్ల మీదేమో భిన్నాలు చెక్కి ఉంటాయి. మధ్యలో ఈవిడ. బడిలో చెప్పినట్టు కింద వెయ్యి వేసి ఐదుతో కొట్టేస్తూ కూర్చుంటే పొద్దుగూకుతుందని సొంత దారి కనిపెట్టుకుంది. పాయింటు తర్వాత మూడంకెలుంటే అందులో నూట ఇరవై ఐదులు ఎన్నో, అన్ని ఎనిమిదో వంతులు. నాలుగంకెలుంటే ఆరువందల ఇరవై ఐదులు ఎన్నో, అన్ని పదహారో వంతులు. ఒక్కోదానికి చీటీ మీద ఒక్కో గీత గీసి, బిట్టు తీసిచ్చేది. పంతొమ్మిదేళ్ళలో ఒక్క రంధ్రం తప్పు పోలేదు.

తోడికోడలికి ఆ కిటికీ దగ్గర పని ఇప్పించిందీ ఆవిడే. మేనేజర్ని బతిమాలి, పక్కన కూర్చోబెట్టుకుని, గీతలతో సహా విద్యంతా నేర్పింది. దాచుకోకుండా నేర్పడం మంచి గుణమే, కాదనను. ఎవరికి నేర్పుతున్నామో కూడా చూసుకోవద్దూ!

ఒక మధ్యాహ్నం చీటీ మీద 0.6875 వచ్చింది. తోడికోడలు చివరి 875 చూసింది, ముందున్న ఆరుని మింగేసింది. ఏడు గీతలు గీసి 7/8 బిట్టు ఇచ్చేసింది. కావలసింది 11/16. రంధ్రం చిన్నదైతే పెద్దది చేసుకోవచ్చు గానీ, పెద్దదైతే ఎవడు పూడుస్తాడు? నలభై ప్లేట్లు తుక్కులోకి పోయాయి.

మేనేజరు చీటీ పట్టుకుని వచ్చాడు. "ఎవరు రాశారిది?"

పిల్ల తనే ఒప్పుకుంటుంది, ఒప్పుకోగానే అడ్డుపడి కాపాడదామని చూస్తోంది లెక్కలక్క.

"అక్కే రాసింది సార్. నేను బిట్టు అందించానంతే" అంది తోడికోడలు.

"నేనా? నేను లోపల బిట్లు సర్దుతున్నాను సార్!"

"ఈ గీతలు నీవి కాక ఇంకెవరివమ్మా? ఇన్నేళ్ళుగా చూస్తున్నాను కదా."

"మా చెల్లికి కూడా నేర్పాను సార్."

"అయితే తప్పు నేర్పావన్నమాట."

ఏకు మేకు కావడం అంటే ఇదే. ఆవిడని ప్యాకింగులోకి పంపేశారు. "ఉద్యోగం పోతుందని భయమేసింది అక్కా" అని ఇంట్లో గొణిగింది తోడికోడలు. ఆ ముక్క మేనేజరు ముందు మాత్రం అనలేదు.

నాలుగో రోజు తోడికోడలు చీటీ ఒకటి పట్టుకుని ప్యాకింగు బల్ల దగ్గరికి వచ్చింది. "అక్కా, 0.5625. ఎంతవుతుంది?"

లెక్కలక్కకి ఒళ్ళు మండింది. ఎంతో ఒకంత చెప్పి పంపితే సరిపోయేది. కానీ ఆ నోటికి తప్పు లెక్క రాదు.

"తొమ్మిది బై పదహారు."

తోడికోడలు సరిచూసుకోనైనా సరిచూసుకోలేదు, గీత గీయలేదు. అంకె రాసుకుని గబగబా వెళ్ళిపోయింది. అక్క అబద్ధం చెప్పదని దానికంత నమ్మకం. మేనేజరు నమ్మనందుకు రాని ఏడుపు, అది నమ్మినందుకు వచ్చింది లెక్కలక్కకి.