బెల్లుకు మొదటి స్థానం

నవంబరు నెల మొదటి సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. మా అన్న తన పాత సైకిల్‌ను వాకిట్లో నిలబెట్టి, "ఇగో, ఇయ్యాల్టి సంది ఇది నీదే. ఇరిగితే నన్నడగొద్దు" అన్న క్షణం అది. ఆ రోజుల్లో ఆడపిల్లకు సైకిల్ కొనిచ్చేవాళ్లు లేరు, అన్నలు విసిగిపోతే దక్కేది. మాది బోధన్. నాకు పందొమ్మిదేళ్లు. ఏడు కిలోమీటర్ల అవతల ఒక పల్లె బడిలో తాత్కాలికంగా లెక్కలు చెబుతున్నాను. నాతోపాటు చేరిన ఇంకొకామె మూడు కిలోమీటర్లు నడిచి వచ్చేది. తొందర ఎరగని మనిషి కాబట్టి నిమ్మళమ్మ అని పేరు పెట్టాను. ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటారు. "పాఠం ఇద్దరికీ వస్తది. ప్రార్థనకు మూడుసార్లు లేటైనోళ్లు ఇంటికి పోతరు, గంతే" అన్నాడు పెద్దసారు. బస్సును నమ్ముకుని అప్పటికే రెండుసార్లు ఆలస్యమయ్యాను. ఉద్యోగం పోతే ఇంట్లో అమ్మ పక్కన బీడీలు చుట్టాల్సిందే.

సైకిల్‌కు బెల్లు మోగదు, చైను నిలవదు, టైర్లు బోడిగుండులా నున్నగా ఉన్నాయి. నా దగ్గరున్న డబ్బుకు ఏదో ఒక్కటే మార్చగలను. అవ్వ సీటు అంది. అన్న డైనమో లైటు అన్నాడు (పగటిపూట బడికి!). సైకిల్ షాపు చాచా టైరును బొటనవేలితో నొక్కి, "పహ్లే టైర్లు, ట్యూబులు మార్చు బేటా. రోడ్డు మీద తిరిగేది గవే" అన్నాడు.

నేను ఎవరి మాటా వినలేదు. ఆరు రోజులు వాచీ చూసుకుంటూ, దారిలో దేనివల్ల ఎంత సమయం పోతోందో రాసుకున్నాను. మా ఊరి చక్కెర ఫ్యాక్టరీలో చెరకు దించి తిరిగొచ్చే ఖాళీ బండ్ల వెనక ఆగినందుకు (బండివాళ్లు నిద్రపోతారు, ఎడ్లే ఇల్లు చేరుస్తాయి) రోజుకు తొమ్మిది నిమిషాలు. చైను ఊడినందుకు రెండు. పంక్చరుకు సున్నా. ఆరు రోజుల్లో ఒక్కసారీ కాలేదు కాబట్టి, ఇక కాదనుకున్నాను.

"చాచా, బెల్లు పెట్టు."

"బెల్లా?"

"పెద్దది."

"సదువుకున్నోళ్ల లెక్క. మా అసొంటోళ్లకు సమజ్ కాదు" అని బిగించాడు.

బెల్లు గొప్పది. ట్రింగుమంటే చాలు, ఎడ్లు వాటంతటవే పక్కకు జరిగి నిలబడేవి. పదకొండు రోజులు ప్రార్థనకు పది నిమిషాల ముందే చేరాను. నిమ్మళమ్మ చెమటలు తుడుచుకుంటూ వస్తుంటే గేటు దగ్గర నిలబడి బెల్లు కూడా కొట్టాను.

పన్నెండో రోజు, బడి ఇంకా కిలోమీటరుందనగా తుమ్మముల్లు దిగింది. టైరు, ట్యూబు రెండూ చీలిపోయాయి. వెనక వస్తున్న ఖాళీ బండి తాత, "సైకిల్ పైనేసి ఎక్కు బిడ్డా, బడి కాడ దించుత" అన్నాడు. ఎక్కాను. ప్రార్థనకు ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. చేరేదాన్నే. కానీ ముందు ఇంకో బండి మెల్లగా పోతోంది. చెయ్యి ఊరుకోలేదు, బెల్లు కొట్టాను. మా ఎడ్లు బుద్ధిగా పక్కకు జరిగాయి. చక్రం కాలువ బురదలో దిగబడింది.

"ఎవలమ్మా గంట కొట్టింది?"

"ముందు బండి జరుగుతదని, తాతా..."

"ముందుదేమో గని, నావి జరిగినయి. నువ్వే నేర్పితివి గద రోజూ! ఇగ దిగు, నూకు."

మోకాళ్ల దాకా బురదతో బడికి చేరేసరికి పిల్లలు తరగతుల్లో కూర్చున్నారు. పెద్దసారు నన్ను, నా వెనక బండిని చూసి, "ఏం టీచరమ్మా, సెరుకు దించొచ్చినవా?" అన్నాడు. పిల్లలు నవ్వారు. "గీ ఒక్కపారికి ఇడువుండ్రి సార్" అని నిమ్మళమ్మ బతిమాలింది. ఆ మాట నన్ను ముల్లు కన్నా లోతుగా గుచ్చింది. సారు రిజిస్టరు మూశాడు.

ఆమె ముప్పై నాలుగేళ్లు అక్కడే చదువు చెప్పింది. నేను ఇరవై ఆరేళ్లు బీడీలు చుట్టాను. కట్టకు ఇరవై ఐదు, ఏనాడూ ఒకటి తగ్గలేదు. ఇప్పుడు జిల్లా కేంద్రంలోని కంఠేశ్వర్‌లో ఉంటూ, ఆ పందొమ్మిదేళ్ల తెలివిమంతురాలిని తలుచుకుంటే కోపం పోయి నవ్వొస్తుంది. నవ్వు కూడా ఆలస్యంగానే వచ్చింది.

మొత్తం పోయినవి: టైరు ఒకటి, ట్యూబు ఒకటి, ఉద్యోగం ఒకటి, నావాళ్లు కావలసిన ముప్పై నాలుగు తరగతుల పిల్లలు.