చెప్పుల పరీక్ష

బాబాయి ఆఖరుసారి కొన్న వస్తువు కుక్కల షాంపూ. ఇంట్లో కుక్క లేదు. మర్నాడు ఉదయం పేపరు చేతిలో ఉండగానే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడు.

ప్రకటన వింటే, నచ్చితే, కొనేయడం ఆయన జబ్బు. బట్టతలతోనే జుట్టు మెరిసే నూనె తెచ్చాడు. చంటిపిల్లలు లేని ఇంటికి పాలసీసా తెచ్చాడు.

"దీంతో మనకేం పని?" అనేది పిన్ని.

"ఏమో మరి. ఇది లేకపోతే బతుకు వెలితి అన్నారు వాళ్ళు."

నిజానికి ఆ ప్రకటనలు వినకముందు ఆ ఇంట్లో ఏ వెలితీ లేదు.

అలాంటి మనిషి అన్నకూతురికి ప్రకటనలు రాసే ఉద్యోగం వచ్చింది, వేరే ఊళ్ళో. "కొనేవాడు ఒకడు చాలక, రాసేదాన్ని కూడా కన్నారు మీ వంశంలో," అంది పిన్ని.

ఆఫీసులో త్వరలోనే ఓ ఆచారం పుట్టింది. రాసింది అచ్చుకు వెళ్ళేముందు ఆ అమ్మాయి బాబాయికి ఫోన్ చేసి చదవాలి. స్పీకరు పెట్టి అందరూ చుట్టూ మూగేవాళ్ళు. అవతల "సంచీ ఏదీ?" అన్న కేక వినబడి, చెప్పులు టపటపమంటూ గుమ్మం వైపు వెళ్తే ప్రకటన గట్టెక్కినట్టే. చప్పుడు లేకపోతే మళ్ళీ రాయడమే. "ఆ మనిషి చేత దువ్వెన కొనిపించారు. రాయడమంటే అదీ," అని మేనేజరు మురిసిపోయేవాడు.

ఒకసారి వరుసగా మూడింటికి చప్పుడు లేదు.

"కొనాలనిపించట్లేదా బాబాయ్?"

"లేదు తల్లీ. ఉన్న సబ్బే బాగుంది."

ఆ ఆఫీసులో అంతకంటే అశుభం మాట ఉండదు. "నాలుగోది కూడా ఇంతే అయితే వేరే ఉద్యోగం చూసుకోండి," అన్నాడు మేనేజరు, గొంతు పెంచకుండానే.

నాలుగోది నడకబూట్ల ప్రకటన. అది ఆమెకే నచ్చలేదు. ఫోన్ చేసి చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం పూర్తికాకముందే సంచీ కోసం కేక, టపటపా చెప్పులు. చప్పుడు అలా దూరమై గుమ్మం దాటింది. మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "ఇంత తొందరగా ఎప్పుడూ కదల్లేదే ఆయన."

ఉద్యోగం నిలిచింది. ఆ ధైర్యంతో ఆమె రాతా మళ్ళీ గాడిన పడింది.

బాబాయి పోయిన నెలకి పిన్నితో కలిసి అలమార సర్దుతూ, ఆమె నవ్వుతూ ఆ నడకబూట్ల రోజు సంగతి ఎత్తింది.

"ఆ రోజు భలే పరిగెత్తాడు పిన్నీ."

"ఎక్కడ పరిగెత్తాడే? మెట్ల మీద జారి, కాలికి పిండికట్టుతో మంచం మీదున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"మరి చెప్పులు?"

"నువ్వు హలో అనగానే నీ గొంతులో దిగులు పసిగట్టాడు. చెప్పులిమ్మని సైగ చేసి, చేతులకి తొడుక్కుని నేల మీద బాదాడు. దూరం వెళ్తున్నట్టు వినబడాలట, అవి నా చేతికిచ్చి, గుమ్మం దాకా నేల మీద బాదుకుంటూ పొమ్మన్నాడు."