సముద్రం ఒడ్డున పిట్టకు పెట్టిన ముద్ద

రాజేందర్ చనిపోయాక గల్ఫ్‌లోని కంపెనీ తన కూలీలను సముద్రం చూడటానికి తీసుకెళ్లింది. కొత్త టీషర్టులు, బిర్యానీ పొట్లాలు, ఫొటోలు. మిట్టమధ్యాహ్నపు ఎండలో సెంట్రింగ్ మీద పనిచేస్తూ కూలిన మనిషిది 'సహజ మరణం' అని కంపెనీ వాదన. లేబర్ కోర్టులో విచారణ ఉంది. సాక్షుల నోళ్లకు బిర్యానీ మూత.

కళ్లారా చూసిన సాక్షి నర్సింలు ఒక్కడే. జగిత్యాల వైపు మనిషి, సెంట్రింగ్ మేస్త్రీ. క్యాంప్‌లో ఎవరింట చావు కబురొచ్చినా పిట్టకు పెట్టించేదీ ఆయనే. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆరుబయట పెడతారు. పిట్ట ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అదేదో ఊహించి పైకి మాటివ్వాలి. రాజేందర్‌కు సొంతూళ్లో ఇంటివాళ్లు అలాగే పెట్టి, అతని పిల్లల్ని చదివిస్తామని మాటిచ్చారు, ఇల్లు పూర్తిచేస్తామని మాటిచ్చారు. పిట్ట ముట్టలేదు.

"మీరున్న కాడ పెట్టన్నా. పానం ఆడ్నే పోయింది గద," అంది రాజేందర్ భార్య పుష్ప, నర్సింలుతో ఫోన్లో.

బస్సు తీరానికి ఉత్తరపు కొసన ఆగింది. ఎప్పుడో జాలర్లు వదిలిపోయిన పాత పల్లె. తలుపుల్లేని గుమ్మాలు, కప్పుల్లేని గదులు. నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి ఉన్నాయి. ఇసుక మీద ఒక్క అడుగుజాడ లేదు.

"కాకా, గీ ఇండ్లు మన క్యాంప్ కంటే నయం. ఏసీ లేదు గంతే," అన్నాడు వెంటవచ్చిన కుర్ర కూలీ రత్నాకర్. ఎవరూ నవ్వలేదు. వాడి మాట మాత్రం ఖాళీ గదుల్లో తిరిగి, కాస్త ఆలస్యంగా వెనక్కి వచ్చింది.

నర్సింలు మొండిగోడ మీద అన్నం, కోడికూర పెట్టి పుష్పకు వీడియో కాల్ చేశాడు. ఒక్క పిట్టా లేదు.

"సముద్రం జూస్తనంటివి గదరా. సూడు," అన్నాడు పోయినవాడితో. గాలి కూడా లేదు.

"అన్నా," అంది పుష్ప, "నీ ఎనుక ఆ దర్వాజల ఎవరు నిలవడ్డరు?"

తిరిగి చూశాడు. గుమ్మం ఖాళీ. రత్నాకర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

నర్సింలు మళ్లీ గుమ్మం వైపే తిరిగాడు. ఏం మిగిలిందో ఆయనకు మొదటినుంచీ తెలుసు.

"నేను జెప్తరా," అన్నాడు. "కండ్లు తిరుగుతున్నయంటే ఫోర్‌మెన్ నిన్ను దిగనియ్యలే. కోర్టుల నేనే జెప్త."

"మెల్లగ కాకా! మేనేజర్ ఇంటడు. నౌకరీ పోతది!"

ఆ గుమ్మంలోంచే ఒక తెల్లటి సముద్రపు పిట్ట నడుచుకుంటూ వచ్చింది. ఎగరలేదు. గోడెక్కి, నర్సింలు మొహంలోకి చూసి, ముద్ద ముట్టింది.

"ముట్టిందా అన్నా?"

ముట్టాక ఇక మాట తప్పడానికి లేదు. అవతల మేనేజర్ చప్పట్లు కొట్టి తొందరపెడుతున్నాడు. "యల్లా, యల్లా! ఫొటో!"

"ముట్టింది చెల్లె."

నర్సింలు ఫొటోకు పోలేదు. బస్సెక్కి రత్నాకర్‌ను అడిగాడు: "కోర్టుకు ఎట్ల పోవాల్రా?"